స్లీవ్ అయి 16 నెలలు. "ఇక తగ్గకండి" అన్నారు, తినాలంటే భయమేస్తోంది

సగంపొట్ట:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదువుతూ ఊరుకున్నాను. రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాకు 38 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు. బరువు తగ్గడానికి పొట్టలో ఎక్కువ భాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను, ఆ రోజు 121 కిలోలు. ఇవాళ పొద్దున 73.8. మొదటి ఆరు నెలలూ నేను చేసిందేమీ లేదు, బరువు దానంతట అదే దిగిపోయింది. ఏనుగు బొమ్మ ఉన్న చిన్నపిల్లల గిన్నె ఒకటి పెట్టుకున్నాను, దాంట్లో పట్టినంతే భోజనం. అందులోనూ సగం మిగిలేది. నెలకోసారి బట్టలు బిగించి కుట్టించుకోవడం, కనబడిన వాళ్లంతా "ఏం చేశావ్, ఏం చేశావ్" అనడం. బాగుండేది, అబద్ధమెందుకు.

పోయిన నెల చెకప్‌కి వెళ్తే డైటీషియన్ నా డైరీ చూసి పెన్ను కింద పెట్టేశారు. రోజుకి 900 క్యాలరీలు తింటున్నాను. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) 8కి పడిపోయింది. ఒకసారి తగ్గిన జుట్టు రాలడం మళ్లీ మొదలైంది. మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. "మీరు 47 కిలోలు తగ్గారు, చాలు. ఇప్పుడు నిలబెట్టుకునే దశ. మెల్లగా 1,300కి రండి" అన్నారు. నా మనసులో ఉన్న అంకె 65. ఎందుకు 65 అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఏదో చార్టులో చూశాను, అంతే.

సరే అని ఇంటికొచ్చి 1,100 తిన్నాను. ఒక గుడ్డు, కాస్త పెరుగు, ఒక పండు ఎక్కువ. నాలుగు రోజుల్లో 1.2 కిలోలు పెరిగాను! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ 900కి వెళ్లిపోయాను. మూడు రోజుల్లో బరువు దిగింది, ప్రాణం లేచొచ్చింది.

ఇంకో సంగతి చెప్తాను, నవ్వకండి. పోయిన వారం ఆఫీసులో మీటింగ్ మధ్యలో కడుపులో ఏదో తిప్పినట్టయింది. లోపల కుట్లు ఏమైనా ఊడాయేమో అని టెన్షన్ పడిపోయాను. పది నిమిషాల తర్వాత అర్థమైంది, అది ఆకలి. మామూలు ఆకలి. 14 నెలలుగా ఎరగను దాన్ని. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఆపరేషన్ పని అయిపోయింది, పాత రోజులు వచ్చేస్తున్నాయి అనిపించింది.

తగ్గడం ఎలాగో నాకు వచ్చింది. ఉన్నచోట ఉండటం ఎలాగో ఎవరూ నేర్పలేదు. మీరంతా ఎలా చేశారు? ఆకలి నిజంగా తిరిగొస్తుందా? ఆ 1.2 కిలోలు ఏంటి?

రెండోచాన్స్:

అక్కా, ముందు కంగ్రాట్స్. నాది బైపాస్ (పొట్టని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్), 11 నెలలు, ఇంకా తగ్గుతూనే ఉన్నాను. అందుకే సలహా ఇచ్చే అర్హత లేదు. కానీ మీటింగ్‌లో ఆకలి సంగతి చదివి నవ్వలేదు. ఇప్పుడు కడుపు గుర్రుమన్నప్పుడల్లా భయపడేది నేనొక్కడినే కాదని తెలిసింది. జవాబుల కోసం నేనూ ఇక్కడే కూర్చుంటా.

పాతబెల్టు:

సగంపొట్ట గారూ, మీ ప్రశ్న ఐదేళ్ల కిందట నేను అడగాల్సింది. అడగలేదు, అనుభవించాను. బైపాస్ అయి ఏడేళ్లు నాకు. 142తో మొదలై 17వ నెలలో 83కి దిగాను. నాలుగో ఏడు వచ్చేసరికి 97. ఇప్పుడు రెండేళ్లుగా 88, 91 మధ్య తిరుగుతున్నాను.

ముందు మీ 1.2 కిలోల లెక్క తేల్చేద్దాం, లేకపోతే మీరు ఇంకేమీ చదవరు. మీరు రోజుకి 200 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, నాలుగు రోజులు. మొత్తం 800. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 మిగలాలి. 800తో వంద గ్రాముల పైచిలుకు, అదీ మొత్తం కొవ్వుగా మారితే. మరి మిగతా కిలో ఎక్కడిది? నీళ్లు. పిండి పదార్థం తగ్గించి తిన్నన్నాళ్లూ కాలేయంలో, కండల్లో ఉండే గ్లైకోజన్ (ఒళ్లు దాచుకున్న పిండి పదార్థం) నిల్వ అడుగంటుతుంది. కాస్త పండో ఇంకోటో పెంచగానే ఒళ్లు ఆ నిల్వ నింపుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు పట్టి ఉంటుంది. దానికి తోడు ఉప్పు, పేగుల్లో ఉన్న తిండి, ఆడవాళ్లకైతే నెలసరి ముందు రోజులు. మూడు రోజుల్లో దిగిపోయింది అన్నారు చూడండి, మూడు రోజుల్లో దిగేది కొవ్వు కాదు. మీరు నీళ్లకి భయపడి అన్నం మానేశారు.

ఆకలి విషయం. స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక భాగం పైగా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పై భాగం కూడా అందులో పోతుంది. అందుకే మొదట్లో ఆకలి మాయమైనట్టు ఉంటుంది. ఏడాది దాటాక చాలామందికి అది ఎంతో కొంత తిరిగొస్తుంది. నాకు పదో నెలకే వచ్చింది. తేడా ఒకటే, మునుపు ఆకలేస్తే దానికి అడుగు కనిపించేది కాదు. ఇప్పుడు చిన్న ప్లేటుతో తీరిపోతుంది. మీకు తీరుతోందా లేదా, అది చూసుకోండి. తీరుతుంటే ఆపరేషన్ పని చేస్తున్నట్టే.

ఇక నేను 14 కిలోలు ఎలా పెంచుకున్నానో చెప్తాను. ఒక్కరోజు కూడా కడుపు పగిలేలా తినలేదు. తినలేను కూడా. నేను పెరిగింది బిస్కెట్లతో. ఆఫీసులో టీతో రెండు. తర్వాత ఫోన్ మాట్లాడుతూ ఇంకో రెండు. చికెన్ ముక్క నాలుగు తింటే అడ్డం పడిపోయే పొట్టలోంచి బిస్కెట్, చిప్స్, ఐస్‌క్రీం జర్రున జారిపోతాయి. వాటికి పొట్ట చిన్నదైనా పెద్దదైనా ఒకటే. భోజనాల దగ్గర నన్ను చూసినవాళ్లు "పాపం పిట్టంత తింటాడు" అనేవాళ్లు. నేనూ అదే నమ్మాను. తర్వాత పది రోజులు నోట్లో పడ్డ ప్రతిదీ రాసుకుంటే తేలింది, నా మూడు పూటల భోజనం కంటే మధ్యలో నమిలినవే ఎక్కువ.

రెండో తప్పు ఇంకా పెద్దది. 88 దాటగానే చెకప్‌లకి వెళ్లడం మానేశాను. "ఇంత చేయించుకుని మళ్లీ పెరిగాడు" అంటారని సిగ్గు. రెండున్నరేళ్లు తప్పించుకు తిరిగాను. చివరికి వెళ్తే డాక్టర్ తిట్టలేదు. "కొంత పెరగడం మామూలే, నాలుగు కిలోల దగ్గర వచ్చుంటే ఇద్దరికీ పని తేలికయ్యేది" అన్నారు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఇలాంటి ఆపరేషన్లు అయినవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో బైపాస్ వాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గారు, పదేళ్ల దగ్గర చూస్తే ఆ తగ్గుదల 25 శాతంగా ఉంది. అంటే అట్టడుగు అంకె దగ్గర అలాగే ఉండిపోవడం మామూలు సంగతి కాదు. కొంచెం పైకి లేచి స్థిరపడటమే మామూలు. ఇది నాకు ముందే తెలిసుంటే 83ని పట్టుకుని అంత ఏడ్చేవాణ్ని కాదు.

అందుకే మీ 65 మీద నాకు కోపం. ఒంటికి అక్కర్లేని అంకె కోసం 900లో ఉండిపోతే కండ కరుగుతుంది, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించారు. విశ్రాంతిలో వాళ్ల ఒళ్లు ఖర్చు చేసేది వాళ్ల సైజుకి ఉండాల్సిన దానికంటే సగటున రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువ. వాళ్లది సర్జరీ కాదు, మన లెక్క అచ్చంగా అదే కాదు. అయినా ఒళ్లు పిసినారి అవుతుందన్న సంగతి గుర్తుంచుకోండి.

నేను చేసేది ఇది. బెల్టు మార్చలేదు. 142 నాటి తోలు బెల్టే. తగ్గుతున్నకొద్దీ కింద చెక్క ముక్క పెట్టి, మేకు మీద సుత్తితో కొట్టి కన్నాలు వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు దాని కొస వెనక్కి వీపు దాకా వెళ్తుంది, మా ఆవిడకి చూస్తేనే చిరాకు. వారానికోసారి బరువు చూస్తాను. 88 నుంచి 91 దాకా ఏదైనా సరే, ఒకటే అంకె అన్నట్టు. వరుసగా రెండు వారాలు 92 కనబడితే తిండి తగ్గించను, పది రోజులు రాస్తాను. అంతే. రాయడం మొదలుపెట్టగానే సగం బిస్కెట్లు వాటంతటవే మాయం.

నడక రోజూ. వారానికి మూడుసార్లు బరువులు ఎత్తుతాను, దానికి బద్ధకిస్తే మూణ్నెల్లలో తేడా తెలుస్తుంది నాకు.

మందు తాగే అలవాటున్న వాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. బైపాస్ తర్వాత గ్లాసుడుకే తలకెక్కుతుంది, అలవాటు ముదిరే ప్రమాదం రెండో ఏడు నుంచి పెరుగుతుంది. నా తోటివాడు ఒకడు తిండి వదిలి దాన్ని పట్టుకున్నాడు. ఇంతకన్నా రాయలేను.

మందులడబ్బా:

బేరియాట్రిక్ వార్డులో, అంటే ఇలా బరువు తగ్గించే ఆపరేషన్ల వార్డులో, తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను. పాతబెల్టు గారు బరువు గురించి చెప్పారు, నేను ఫెరిటిన్ దగ్గర ఆగిపోయాను.

సగంపొట్ట గారూ, ఐరన్, క్యాల్షియం రెండూ ఒకేసారి వేసుకుంటున్నారా? నిజం చెప్పండి. పది మందిలో ఆరుగురు పొద్దున్నే గుప్పెడు మాత్రలు ఒక్క గుక్కలో మింగేసేవాళ్లు, "అన్నీ వేసుకుంటున్నానండీ" అనేవాళ్లు. క్యాల్షియం ఉంటే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. కనీసం రెండు గంటల తేడా కావాలి. టీ, కాఫీతో కూడా వేసుకోకూడదు. క్యాల్షియం రోజుకి 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, అదీ ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా. సిట్రేట్ రకమైతే పొట్టలో ఆమ్లం తక్కువున్నా ఒంటబడుతుంది. నెలసరి వచ్చే ఆడవాళ్లకి ఐరన్ అవసరం ఎక్కువ, 45 నుంచి 60 మిల్లీగ్రాములు చెప్తారు. ఫెరిటిన్ 8 ఉన్నప్పుడు మామూలు మోతాదు చాలకపోవచ్చు, ఇంజెక్షన్ రూపంలో ఎక్కించాల్సి రావచ్చు. అది మీ డాక్టర్ తేల్చాలి, మీరు సొంతంగా డోసు పెంచుకోకండి.

"బరువు తగ్గిపోయాను కదా, ఇంకా విటమిన్లెందుకు" అని రెండో ఏట ఆపేసేవాళ్లని చాలామందిని చూశాను. పొట్ట మళ్లీ పెరిగి మామూలైపోదు కదండీ. బి12, డి, ఐరన్, ఏడాదికోసారి రక్తపరీక్షలు జీవితాంతం. బి12 తగ్గిన సంగతి చాలా ఆలస్యంగా బయటపడుతుంది, కాళ్లు తిమ్మిరెక్కేదాకా తెలియదు. ఎప్పుడైనా వాంతులు ఆగకుండా రోజుల తరబడి అవుతుంటే మాత్రం ఇంట్లో కూర్చోకండి. బి1 అయిపోతే మెదడుకి దెబ్బ, ఆ రోజే వెళ్లాలి.

ప్రోటీన్ రోజుకి 60 నుంచి 80 గ్రాములు పడుతోందా లెక్కేసుకోండి. పెంచే 400 క్యాలరీల్లో ముందు దాన్ని నింపండి. ఒక్కసారే పెంచక్కర్లేదు. వందో నూట యాభయ్యో పెంచి, రెండు వారాలు చూసి, మళ్లీ వంద. ప్లేట్లో ముందు గుడ్డో చేపో, తర్వాత కూర, చివర్న మిగతావి. నీళ్లు భోజనంతో కాదు, తిన్నాక అరగంట ఆగి.

ఇంకొకటి, కొంచెం మెత్తగా చెప్తున్నాను. నాలుగు రోజులు 200 క్యాలరీలు ఎక్కువ తిని రాత్రి నిద్ర పట్టలేదంటే అది పొట్ట సమస్య కాదు. మా వార్డుకి సైకాలజిస్ట్ ఒకరు వచ్చేవారు. ఆపరేషన్ ముందు అందరూ తప్పనిసరిగా కలిసేవాళ్లు. తర్వాత కలిసేవాళ్లే తక్కువ. నిజానికి అప్పుడే ఎక్కువ అవసరం. ఒక్కసారి మాట్లాడి చూడండి.

అద్దంలేనిగది:

పాతబెల్టు గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. అందరికీ బరువు చూసే మిషన్ పనికిరాదు. నేను రోజుకి మూడుసార్లు ఎక్కేదాన్ని. లేవగానే, స్నానం ముందు, స్నానం తర్వాత. జుట్టు తడిగా ఉంటే ఎంత తేడా వస్తుందో కూడా నాకు తెలుసు. మా సైకాలజిస్ట్ చెప్పి మిషన్ ఇంట్లోంచి పంపించేశారు. ఇప్పుడు నెలకోసారి క్లినిక్‌లోనే. ఇంట్లో ఒక జీన్స్ ప్యాంటు ఉంది, దాని జిప్పే నా మిషన్. మూడేళ్లుగా 70 దగ్గరే ఉన్నాను. సగంపొట్ట గారిది నా జబ్బే అనిపిస్తోంది.

పాతబెల్టు:

ఒప్పుకుంటున్నా. నాకు చూడకపోవడం జబ్బు, మీకు చూడటం జబ్బు. ఆవిడ ఎటువైపో ఆవిడే చెప్పాలి.

సగంపొట్ట:

మూడున్నర వారాలైంది. మాయమైపోయానని తిట్టుకోకండి, చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని ఆగాను.

మందులడబ్బా గారూ, దొరికిపోయాను. ఐరన్, క్యాల్షియం, మల్టీవిటమిన్ మూడూ పొద్దున టీతో. 16 నెలలుగా! ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఐరన్ రాత్రి పడుకునే ముందు. డాక్టర్ రెండు డోసులు సెలైన్‌లో ఎక్కించారు, ఇంకో ఎనిమిది వారాలకి పరీక్ష. మెట్ల దగ్గర కళ్లు తిరగడం మాత్రం తగ్గింది.

అద్దంలేనిగది గారూ, నాది మీ వైపే. మా బాత్రూంలో వాష్‌బేసిన్ కింద ఒక టైల్ ఉంది, మిషన్ దాని మీద పెడితే 300 గ్రాములు తక్కువ చూపిస్తుంది. నేను ఏడాదిగా ఆ టైల్ మీదే పెడుతున్నాను. అది తప్పు చూపిస్తుందని తెలిసీ. ఈ మాట సైకాలజిస్ట్‌కి చెప్తుంటే నాకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మిషన్ ఇప్పుడు మా అక్క దగ్గర ఉంది. ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఎక్కుతాను, అక్క రాసుకుంటుంది, నాకు "లోపలే" లేదా "బయట" అని మాత్రం చెప్తుంది. డైటీషియన్‌తో కూర్చుని 72 నుంచి 76 అని రాసుకున్నాం. 65 అని రాసిపెట్టుకున్న కాగితం ఆవిడ ముందే చింపాను. పూర్తిగా మనసొప్పి చింపలేదు, కానీ చింపాను.

మొదటి రెండు వారాలు 1,050. తర్వాత 1,200. మొదటి ఆదివారం అక్క మొహం చూసి కనిపెట్టేశాను, పెరిగానని. "లోపలే" అంది. ఆ వారం మళ్లీ 900కి పారిపోబోయి పాతబెల్టు గారి 7,700 లెక్క కాగితం మీద మళ్లీ వేసుకున్నాను, రెండుసార్లు. మూడో ఆదివారం కూడా "లోపలే".

ఏనుగు గిన్నె మాత్రం మార్చలేదు. రెండోసారి వడ్డించుకుంటున్నాను. నిన్న సాయంత్రం ఐదింటికి ఆకలేసింది. గుడ్డు ఉడకబెట్టుకుని తిన్నాను, పది నిమిషాల్లో తీరిపోయింది. తీరుతోందా లేదా చూసుకోమన్నారు కదా.

పాతబెల్టు గారూ, ఒక్క సందేహం. ఆ బెల్టుకి ఇప్పుడు మొత్తం ఎన్ని కన్నాలు?

పాతబెల్టు:

కొన్నప్పుడు ఐదు. నేను కొట్టినవి తొమ్మిది. ఆ తొమ్మిదోది 83 నాటిది, రెండు నెలలు వాడానేమో. ఇప్పుడు ఏడో దాంట్లో ఉన్నా. చివరి రెండిట్లో దుమ్ము చేరింది.